సముద్రం చేరని పడవల దారి

పడమట ఎర్రమల, తూర్పున నల్లమల, నడుమ కుందూ పారే నల్లరేగడి. అవుకు ఎర్రమల పాదాన ఉంటే, నంద్యాల, ఆళ్లగడ్డ నల్లమల వైపు ఉన్నాయి. ఈ లోయకు తీరం లేదు, రేవూ లేదు. అయినా సరుకును ఇటు నుంచే సముద్రానికి దాటించాలని ఒకప్పుడు లండన్‌లో పెద్ద పథకమే వేశారు.

అంతకుముందు బళ్లారి, ఆదోని పత్తి తీరానికి చేరాలంటే ఎద్దుబండే గతి. రేగడి ఎండితే రాయి, తడిస్తే బంక. గట్టి వాన పడిందంటే చక్రం ఇరుసు దాకా దిగబడుతుంది, ఇక నేల ఆరేదాకా బండి కదలదు. ఇలాంటి దేశానికి రైలు కన్నా కాలువే చవకని సర్ ఆర్థర్ కాటన్ వాదించేవాడు. ఆ వాదం మీదే 1858లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పుట్టింది. పది లక్షల పౌండ్ల పెట్టుబడికి 5 శాతం రాబడి తప్పదని సర్కారు పూచీ ఇచ్చింది. పూచీ పడ్డది సర్కారు, ఇక కంపెనీకి బెంగ దేనికి?

తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, 1863 నుంచి 1870 దాకా తవ్విన కాలువే నేటి కర్నూలు–కడప (కె.సి.) కెనాల్. కర్నూలులో హంద్రీ నది మీదుగా కాలువనే దాటించారు. నేల వాలు మారిన చోటల్లా లాకులు పెట్టారు. పడవ లోపలికి రాగానే వెనక తలుపు మూస్తారు, నీళ్లు వదిలి మట్టం దించుతారు, ముందు తలుపు తీస్తారు, పడవ దిగువకు సాగిపోతుంది. ఒక్క కాలువ అటు పొలానికి నీళ్లూ ఇవ్వాలి, ఇటు బాడుగా సంపాదించాలి.

రెండూ సరిగా జరగలేదు. కడప దాటి పెన్న వెంట నెల్లూరు సీమ దాకా, అక్కడి నుంచి సముద్రానికి పోవలసిన కాలువ సుమారు 190 మైళ్లు నడిచి కడప దగ్గరే ఆగింది. అప్పటికే కడపకు మద్రాసు రైలు వచ్చేసింది. 1871లో అది రాయచూరు దాకా పోయి బొంబాయి లైనుతో కలిసింది. పత్తి మూటను పడవలో కడపకు తెచ్చి, దింపి, మళ్లీ రైలుకెత్తడం ఏ వర్తకుడికి గిట్టుతుంది? ఇక జొన్న, పత్తి పండే రేగడికి రైతు నీళ్లు కొనలేదు. ఇందులో రైతును తప్పుపట్టడానికేమీ లేదు, ఆ పంటలకు వానే చాలు. చివరికి 1882లో కాలువను సర్కారే కొనేసింది. పడవలు 1933 దాకా తిరిగాయి.

1876-78 కరువు తర్వాత గుంతకల్లు నుంచి బెజవాడ వైపు మీటర్‌గేజి లైను వేశారు. అది నంద్యాల మీదుగా, దొరబావి దగ్గర ఎత్తయిన ఇనుప వంతెన ఎక్కి నల్లమలను దాటింది. నంద్యాల జంక్షన్ కావడానికి మాత్రం 2016 దాకా ఆగాల్సి వచ్చింది.

అవుకు పొరుగునే ఉన్న బనగానపల్లె ఒకప్పుడు 255 చదరపు మైళ్ల నవాబుల సంస్థానం. చుట్టూ కర్నూలు జిల్లాయే. మామిడిపండుతో దేశమంతా పేరు మోగినా, 1948లో మద్రాసు రాష్ట్రంలో కలిసేదాకా దాని గడ్డ మీద రైలు కూత వినబడలేదు. నంద్యాల–ఎర్రగుంట్ల లైను బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు మీదుగా పూర్తయింది 2016లో.

ఇప్పుడు అవుకు కూడలే, కాకపోతే సరుకుకు కాదు, నీటికి. శ్రీశైలం కుడి కాలువకూ, గాలేరు–నగరి వరద కాలువకూ ఇది నడిమి మజిలీ. గోరకల్లు నుంచి వచ్చే నీరు ఎర్రమలను ఐదున్నర కిలోమీటర్లకు పైబడిన సొరంగాల్లో దాటి, 4 టీఎంసీలకు పైగా పట్టే అవుకు జలాశయంలో దిగి, గండికోటకు పోతుంది. తవ్వేటప్పుడు ఒకచోట వదులు మట్టి పొర తగిలి కప్పు కూలడంతో, పక్క నుంచి మళ్లింపు సొరంగం తీసి ముందుకు పోవలసి వచ్చింది. రెండో సొరంగం 2023 నవంబరులో ప్రారంభమైంది.

కె.సి. కెనాల్ పడవలకు లేనిది ఈ నీటికి ఉంది: అవతలి కొసన గండికోట ఉంది, దాని వెనక చిత్రావతి, పైడిపాలెం ఉన్నాయి. రైలెక్కాలంటే మాత్రం అవుకు వాళ్లు నేటికీ బనగానపల్లెకో కోవెలకుంట్లకో పోవలసిందే.