కడలి ప్రయాణము – కడుపులో కలవరము

సముద్రపు అందమును గురించి కవులు వ్రాసినంతగా, సముద్రముమీద వచ్చే వాంతులను గురించి చరిత్రకారులు వ్రాయలేదు. అయినను ఓడ ఎంత పాతదో ఈ బాధయు అంత పాతది. గ్రీకు భాషలో ఓడకు ‘నౌస్’ అని పేరు. మన సంస్కృతములోని ‘నౌ’ శబ్దమునకు అది తోబుట్టువు. ఇంగ్లీషులో డోకునకు వాడే ‘నాసియా’ అనే మాట ఆ ‘నౌస్’ నుండియే పుట్టినది. కదలిక శరీరమును కలవరపెట్టుననుటకు సముద్ర ప్రయాణమే సాక్ష్యమని హిపోక్రటీసు పేర వెలసిన ప్రాచీన వైద్యసూత్రములలో ఉన్నది.

ఓడలో వాంతి చేసుకొనేవానిని చూచి తక్కినవారు నవ్వుట లోక సహజము. పిరికివాడనియు, సుకుమారుడనియు ఎగతాళి చేయుదురు. చరిత్ర ఈ మాటను ఒప్పుకొనదు. ఇంగ్లాండు నౌకాదళమునకు కీర్తి తెచ్చిన నెల్సను 1771లో, పండ్రెండేండ్ల ప్రాయమున ఓడ ఎక్కినాడు. ముప్పది యేండ్లు దాటిన పిదప గూడ, గాలి బలముగా వీచినప్పుడెల్ల తనకు జబ్బుచేయుచున్నదని 1804లో లేఖ వ్రాసుకొన్నాడు. 1831 డిసెంబరులో ‘బీగిల్’ ఓడపై బయలుదేరిన చార్లెస్ డార్విను దాదాపు అయిదేండ్లు తిరిగినాడు. ఆ బాధ ఆయనను చివరివరకు విడువలేదు. ఊయల పడకలో పడుకొని, ఎండుద్రాక్ష తప్ప మరేదియు కడుపులో నిలువక తిప్పలు పడినాడు. మరి 1888లో తొలిసారి సీమకు పోయిన గాంధీజీ తనకు ఆ ఇబ్బంది ఏమాత్రమును కలుగలేదని ఆత్మకథలో చెప్పినారు. కనుక ఇది ధైర్యమునకు సంబంధించినది కాదు; దేహధర్మమునకు సంబంధించినది.

మన తెలుగువారికి ఈ సంగతి పుస్తకములద్వారా తెలిసినది కాదు. కాకినాడ, విశాఖపట్టణము రేవులనుండి వేలాదిమంది కూలీలు స్టీమరులెక్కి రంగూనుకు పోయినారు. గోదావరీ ముఖద్వారమున నున్న కోరంగి రేవు పేరుమీదనే బర్మాలో తెలుగువారికి ‘కోరంగీలు’ అను పేరు వచ్చినది. వారిలో చాలమంది గదులలో పోయినవారు కారు, డెక్కుమీద పోయినవారు. పై తరగతివానికి ఓడ ఊగినచో పరుపు, సేవకుడు ఉండిరి. డెక్కు ప్రయాణికునికి చాప, మూట మాత్రమే ఉండెను. తల్లి తల ఎత్తలేని స్థితిలో చంటిబిడ్డను ఎవరు పట్టుకొందురు? ఒకే బాధ అయినను అది అందరికీ ఒకే బరువుగా ఉండదు.

డబ్బున్నవాడు ఈ బాధను తప్పించుకొన జూచిన కథ ఒకటి కలదు. ఉక్కు తయారీలో కొత్త పద్ధతి కనిపెట్టి ధనవంతుడైన హెన్రీ బెస్సెమర్ 1868లో ఇంగ్లీషు కాలువ దాటుచు చాల బాధపడినాడు. ఓడ ఊగినను లోపలి గది ఊగకుండ చేయవలెనని సంకల్పించినాడు. ఓడ నడుమ ఇరుసులపై పెద్ద హాలును వ్రేలాడదీసి, ఒక మనిషి మట్టపుగొట్టమును చూచుచు నీటి ఒత్తిడి యంత్రముతో దానిని సరిచేయునట్లు ఏర్పాటు చేసినాడు. 1875 మే నెలలో ప్రజల యెదుట ప్రయాణము జరిగినది. ఓడ చుక్కాని మాట వినక, ఫ్రాన్సులోని కలే రేవుకట్టను గ్రుద్దుకొన్నది. వాటాదారులు భయపడిరి, కంపెనీ మూతపడినది. ఊగని గదికంటె, ఊగని ఓడ మేలని తరువాతివారు గ్రహించినారు. 1936లో ‘ఐల్ ఆఫ్ సార్క్’ అను ఓడకు అడుగుభాగమున ఇరుప్రక్కల, చేప రెక్కలవంటి కదిలే పలకలను అమర్చిరి. నేటి ప్రయాణికుల ఓడలలో పెక్కింటికి అట్టి రెక్కలున్నవి.

ఇంతవరకు అందరి దృష్టి కడుపుమీదనే ఉన్నది. అసలు కీలకము చెవిలో ఉన్నదని తెలియుటకు బధిరులు తోడ్పడినారు. 1882లో అమెరికా పండితుడు విలియం జేమ్సు 519 మంది బధిరులను పరీక్షింపగా, గిర్రున త్రిప్పినను 186 మందికి తల తిరగనే లేదు. హార్వర్డు కళాశాలలో సుమారు 200 మందిని పరీక్షింపగా అట్టివాడు ఒక్కడే తేలినాడు. లోచెవిలో ద్రవముతో నిండిన మూడు అర్ధవృత్తపు నాళములు, వాటి ప్రక్కన రెండు చిన్న తిత్తులు కలవు. తల కదలికను మెదడునకు తెలుపునవి అవియే. ఓడ గదిలో కూర్చున్నవాని కంటికి గోడలు కదలవు. చెవి మాత్రము కదలుచున్నామని చెప్పును. ఈ రెండు సాక్ష్యములు పొసగక మెదడు తికమక పడును. ఆ తికమకయే వికారమునకు మూలమని నేటి శాస్త్రజ్ఞులలో పెక్కుమంది అభిప్రాయము.

అంతరిక్ష యాత్రకు అమెరికాలో సన్నాహములు జరుగు రోజులలో, 1950 దశకము చివర మొదలుకొని, గాలుడెట్ కళాశాలకు చెందిన పదునొకండుగురు బధిరులు ఇట్టి పరీక్షలకు ముందుకు వచ్చిరి. వారిలో పదిమందికి చిన్ననాడు వచ్చిన మెదడు పొరల జ్వరమువలన లోచెవి చెడిపోయినది. కెనడాలోని నోవాస్కోషియా తీరమున, అలజడిగానున్న సముద్రముపై ఫెర్రీ ఎక్కించి వారిని పరీక్షించిరి. వారు హాయిగా పేకాడుకొన్నారు. పరీక్షింప వచ్చిన శాస్త్రజ్ఞులు మాత్రము వాంతులతో పడిపోయి, పరీక్షనే ఆపవలసి వచ్చినది. లోకము లోపమని ఎంచినదే అక్కడ విజ్ఞానమునకు ఆధారమైనది.

మందుల చరిత్రయు విచిత్రమైనదే. 1944 జూన్‌లో నార్మండీ తీరమున దిగిన సైనికులకు మాత్రలు పంచిపెట్టినను, ఎందరో వాంతులతో నీరసించియే ఒడ్డు చేరినారు. 1947లో అమెరికాలో బాల్టిమోరు ఆసుపత్రికి దద్దుర్లకని వచ్చిన ఒక స్త్రీ, తాను పుచ్చుకొన్న మందువలన ట్రాము ప్రయాణములో వచ్చే వికారము పోయినదని చెప్పినది. వైద్యులు ఆ మాటను తేలికగా తీసివేయలేదు. సైనికుల ఓడలో పరీక్షించి 1949లో ఫలితములు ప్రకటించిరి. డ్రామమైన్ అను మందు అట్లు ప్రసిద్ధికెక్కినది. మన వంటింటి అల్లమునకు గూడ పరీక్ష జరిగినది. 1988లో డెన్మార్కులో 80 మంది నౌకాదళ శిక్షార్థులపై ప్రయోగింపగా, వాంతులు, చెమటలు కొంత తగ్గినట్లు తేలినది.

శ్రోతలలో విశాఖనుండి ఓడపై అండమానుకు పోదలచినవారు ఉండవచ్చును. ఓడ నడుమ, క్రింది అంతస్తులో ఊపు తక్కువ. అక్కడ చోటు కోరుడు. పుస్తకము మూసి, దూరాన ఆకాశము సముద్రమును తాకు రేఖను చూడుడు. అది కుదరనిచో కన్నులు మూసికొని వెల్లకిల పరుండుడు. కడుపు ఖాళీగాను, నిండుగాను ఉంచవద్దు. మందు వేసికొనదలచినచో వైద్యుని అడిగి, ఓడ కదలుటకు ముందే వేసికొనుడు. డోకు మొదలైన పిదప మాత్ర నిలువదు. అది మగత తెచ్చునని మరువవద్దు. రెండుమూడు దినములలో చాలమందికి అలవాటగును. దిగిన తరువాత నేల ఊగినట్లు తోచినచో కంగారుపడనక్కరలేదు. ఓడకు అలవాటుపడిన చెవి, మరల నేలకు అలవాటుపడుటకు కొంత గడువు కోరుచున్నదని తెలిసికొనుడు.