గుగ్గిలం మంట నుంచి లేజర్ దాకా

మే 16 లేజర్ పుట్టినరోజు. 1960లో ఆ రోజున అమెరికాలోని మాలిబులో థియొడోర్ మైమన్ కృత్రిమ కెంపు కడ్డీ నుంచి తొలి లేజర్ కాంతిని రప్పించాడు. ఇప్పుడు విజయవాడ బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల సంగీత్ అన్నా, రిసెప్షన్ అన్నా ఆ కాంతి ఉండాల్సిందే. అయితే ఆటకు వెలుగుతో హంగు చేయడం కృష్ణా తీరానికి కొత్త కాదు.

తోలుబొమ్మల తెర వెనక ఆముదం దీపాలు శతాబ్దాల పాటు వెలిగాయి. నా మనసు మాత్రం కూచిపూడి మీదే ఉంది. బెంజ్ సర్కిల్లో బందరు రోడ్డు పట్టుకుని కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాటితే వచ్చే ఊరు అది.

కరెంటు లేని రోజుల్లో భాగవతులు దివిటీల వెలుగులో రాత్రంతా ఆడేవారు. ప్రహ్లాద నాటకంలో హిరణ్యకశిపుడి ప్రవేశమే చూడండి. ఇద్దరు పట్టుకున్న తెర వెనక గజ్జెలు ఘల్లుమంటాయి. మృదంగం జోరందుకుంటుంది. పాత్ర తెర దాటే క్షణంలో దివిటీ మీదికి గుప్పెడు గుగ్గిలం పొడి ఎగురుతుంది. భగ్గున లేచిన మంటలో కిరీటం, భుజకీర్తులు ధగధగలాడతాయి. ఆ వెనకే పొగ, ఘాటైన వాసన. గుగ్గిలం ముద్దగా ఉంటే నిదానంగా కాలుతుంది. పొడి చేసి చల్లితే రేణువు రేణువుకూ గాలి తగిలి ఒక్కసారిగా అంటుకుంటుంది. కాస్త ముందు చల్లితే వెలుగంతా తెర పాలు, ఆలస్యమైతే నటుడి ముఖానికి పొగ. అందుకే చల్లేవాడికి దరువు తెలిసి ఉండాలి. అతనూ కళాకారుడేనని నా గట్టి నమ్మకం.

లేజర్‌కూ పొగ కావాలి. శుభ్రమైన గాలిలో కిరణం పక్కనుంచి కనిపించదు. యంత్రం వదిలిన పొగలో చెదిరితేనే గీతలా తేలుతుంది. రెండు చిన్న అద్దాలు అతివేగంగా ఊగుతూ ఒకే చుక్కతో బొమ్మ గీస్తాయి. 1973 నవంబరులో లాస్ ఏంజెలిస్‌లోని గ్రిఫిత్ అబ్జర్వేటరీలో ఐవాన్ డ్రైయర్ ‘లేజేరియం’ మొదలుపెట్టాక రాక్ కచేరీలూ ఈ దారి పట్టాయి. హైదరాబాద్ లుంబినీ పార్కులో నీటి తెర మీద లేజర్ కథలు చెప్పింది. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర హారతితో పాటు లేజర్లూ వెలిగాయి. 2024 అక్టోబరు 22న పున్నమి ఘాట్ ఆకాశంలో 5,500 డ్రోన్లు బొమ్మలు కట్టాయి.

ఇక వీధుల్లోకి దిగిన లేజర్ల వరస చెప్పలేం. పెళ్లి బరాత్, వినాయక నిమజ్జనం, డీజే బండి, అన్నిచోట్లా లేజర్లే. దివిటీ పట్టిన చేతికి మంట ఎటు లేస్తుందో తెలుసు. బండి మీద బిగించిన పెట్టె మాత్రం ఎదురుగా ఉన్న పసివాడి కళ్లలోకి సూటిగా కొడుతోంది. శక్తిమంతమైన కిరణం రెప్ప వాల్చేలోపే రెటీనాను కాల్చేస్తుంది. ఫోన్ కెమెరా సెన్సర్లూ పోతున్నాయి. అమెరికా నియమాల ప్రకారం మామూలుగా ఈ కిరణాలు జనం నిలబడే నేలకు 3 మీటర్ల పైనే ఉండాలి. మన ఊరేగింపు బండ్లకూ ఆ కొలత పెట్టాలి, వచ్చే వినాయక చవితిలోపే.