మనకెందుకబ్బా పాలస్తీనా? కప్పరాళ్లతిప్ప సెటిల్మెంట్ మనవడిగా నా జవాబు

పోస్టు పెద్దదే, ఓపిగ్గా చదవండి. తప్పులుంటే చెప్పండి, సరిదిద్దుకుంటా.

మాది బిట్రగుంట. నెల్లూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ఆ మధ్య ఒక విద్యార్థి సంఘం అన్నలు హాస్టల్‌కి వచ్చి, పాలస్తీనాకి మద్దతుగా ర్యాలీ ఉంది, అందరూ రండని చెప్పి పోయారు. రాత్రి భోజనాల దగ్గర ఇదే వాదన. ఒక సీనియర్ అన్న, "ఏంది బ్బా, మన బాత్రూముల్లో నీళ్ళు రావు, స్కాలర్‌షిప్ పడలా, గాజా సంగతి మనకెందుకు? అదంతా ఢిల్లీ వాళ్ళ, అమెరికా వాళ్ళ ఫ్యాషన్" అన్నాడు. ఇంకొకడు, "వాళ్ళ పుట్టుకే అంత, అందరూ ఉగ్రవాదులే" అన్నాడు. దానికి జవాబుగా ర్యాలీకి పోదామన్నవాడే, "యూదులు మాత్రం? ఆ జాతే అంత" అన్నాడు.

నా చేతిలో అన్నం ముద్ద అట్టే ఆగిపోయింది. "పుట్టుకే అంత", "ఆ జాతే అంత". ఈ మాట నేను ఎక్కడ విన్నానో మీలో చాలామందికి చెప్పక్కర్లేదు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు క్లాసులో ఒకడి పెన్ను పోతే ముందు వెతికింది నా సంచి. పెన్ను వాడి బెంచీ కిందే దొరికింది. నాకు ఎవరూ సారీ చెప్పలా.

ఆ రాత్రి ఫోన్లో వార్తలు చదువుతుంటే ఒక మాట దగ్గర ఆగిపోయా. "ఇజ్రాయెల్ సెటిల్మెంట్లు." సెటిల్మెంట్ అనేది మా ఇంటి మాట. మా అమ్మమ్మ వాళ్ళ ఊరు బోగోలు మండలంలోని కప్పరాళ్లతిప్ప. చుట్టుపక్కల ఊళ్ళల్లో మమ్మల్ని ఇప్పటికీ "సెటిల్మెంటోళ్ళు" అంటారు. మరి ఆ సెటిల్మెంట్ ఏంది, ఈ సెటిల్మెంట్ ఏంది? అక్కడి నుంచి మొదలుపెట్టి చదివినవే ఈ పోస్టు.

ముందు మనది. మన ఎరుకల వాళ్ళు ఒకప్పుడు కోస్తా నుంచి ఉప్పు మూటలు గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని లోపలి ఊళ్ళకి తీసుకుపోయి, అక్కడి ధాన్యం తెచ్చుకుని బతికేవాళ్ళు. దొంగలు కాదు, వర్తకులు. రైలు పట్టాలు పడ్డాక ఉప్పు రైల్లో పోవడం మొదలైంది. ఉప్పు మీద తెల్లవాళ్ళ పన్నులు, కట్టడి సరే సరి. బిట్రగుంట అనగానే అందరూ పాత రైల్వే కాలనీ, ఆవిరి ఇంజన్ల లోకోషెడ్ గురించి గొప్పగా చెప్తారు. ఆ రైలు ఎవరి గాడిదల బరువు దించేసిందో ఎవరూ చెప్పరు.

బతుకుతెరువు పోయి తిరుగాడే జనాన్ని బ్రిటిష్ వాళ్ళు అనుమానంగా చూశారు. 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు. ముందు ఉత్తరాదిలో అమలు చేసి, 1911లో సవరించి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. ఒక మనిషి దొంగతనం చేశాడని కోర్టులో రుజువు కానక్కర్లేదు. ఫలానా తెగలో పుడితే చాలు. పేరు రిజిస్టర్లో ఎక్కుతుంది, వేలిముద్రలు తీసుకుంటారు, పిలిచినప్పుడు హాజరు పలకాలి, ఊరు దాటాలంటే పాసు కావాలి. కొన్ని కుటుంబాల్ని ఏకంగా తెచ్చి సెటిల్మెంట్లలో పెట్టారు. వాటి నిర్వహణ మిషనరీలకి అప్పజెప్పారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సాల్వేషన్ ఆర్మీ చేతికి పోయింది. మన కావలి ప్రాంతం అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ చేతికి వచ్చింది. బడి పెట్టారు, పని చూపించారు, అది నిజమే. కానీ గేటు దాటాలంటే చేతిలో కాయితం ఉండాలి. అదీ నిజమే.

1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతా రద్దయింది. అంటే దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్ళకి. ఆ తర్వాత కూడా అలవాటు నేరస్థుల చట్టాలు అని వేరే పేరుతో వచ్చాయి. కాయితం మీద చట్టం పోయినా మనుషుల నోళ్ళలో పోలా. నా సంచి వెతికింది ఆ నోరే.

ఇక అక్కడి సంగతి. 1917 నవంబరు 2న బ్రిటిష్ విదేశాంగ మంత్రి బాల్ఫర్ పాలస్తీనాలో యూదులకి ఒక జాతీయ నివాసం ఏర్పాటుకి మద్దతిస్తామని ప్రకటించాడు. అప్పటికి అక్కడ ఎక్కువమంది అరబ్బులే. అయితే యూదుల బాధ కూడా కల్పన కాదు. యూరప్‌లో తరతరాలుగా వాళ్ళని వేరే వాడల్లో పెట్టారు, ఊళ్ళ మీద పడి చంపారు. చివరికి హిట్లర్ కాలంలో 60 లక్షల మందిని చంపారు. వాళ్ళ నేరం కూడా పుట్టుకే.

1947 నవంబరు 29న ఐక్యరాజ్యసమితి పాలస్తీనాని రెండుగా విభజించాలని తీర్మానించింది. 33 దేశాలు అవునన్నాయి, 13 కాదన్నాయి. కాదన్న వాటిలో మన దేశం ఒకటి. 1948 మే 14న ఇజ్రాయెల్ ఏర్పడింది. ఆ యుద్ధంలో ఏడు లక్షల మందికి పైగా పాలస్తీనా వాళ్ళు ఇళ్ళూ ఊళ్ళూ వదిలి పోవాల్సి వచ్చింది. దాన్ని వాళ్ళు నక్బా అంటారు, అంటే మహా విపత్తు. 1967 యుద్ధంలో ఇజ్రాయెల్ వెస్ట్ బ్యాంక్‌నీ గాజానీ ఆక్రమించింది. తర్వాత ఆ నేల మీద తన పౌరులకి కట్టించిన ఊళ్ళనే సెటిల్మెంట్లు అంటున్నారు.

మాట ఒకటే, అర్థం తలకిందులు. మన సెటిల్మెంట్లో లోపల ఉన్నవాడికి పాసు కావాలి. అక్కడ సెటిల్మెంట్లో ఉన్నవాడు హాయిగా తిరుగుతాడు, బయట ఉన్న పాలస్తీనా మనిషికి పర్మిట్ కావాలి, చెక్‌పోస్ట్ దాటాలి. మనదీ వాళ్ళదీ ఒకే కథ అని నేను అనను. మన మీద విమానాలు బాంబులు వేయలా. కానీ చేతిలో కాయితం లేకపోతే సొంత నేల మీదే దొంగ అయిపోవడం అంటే ఏందో మనకి పుస్తకం చదివి తెలుసుకోవాల్సిన పని లేదు.

ఇప్పుడు సీనియర్ అన్న మాటకి వస్తా. ఇది ఢిల్లీ వాళ్ళ ఫ్యాషనా? మన తెలుగు నేల మీద ఏం జరిగిందో చూడండి.

1938 చివర్లో ఉస్మానియా యూనివర్సిటీ హాస్టళ్ళలో విద్యార్థులు వందేమాతరం పాడుకుంటే నిజాం అధికారులు వద్దన్నారు. వినకపోతే వందల మందిని బయటికి పంపేశారు. వాళ్ళలో చాలామందికి నాగపూర్ యూనివర్సిటీ సీట్లిచ్చి ఆదుకుంది. అదే నవంబరులో గాంధీ తన హరిజన్ పత్రికలో యూదుల గురించి రాశాడు. వాళ్ళ కష్టం మీద నాకు సానుభూతి ఉంది, అయినా పాలస్తీనాని అరబ్బుల మీద బలవంతంగా రుద్ది వాళ్ళకివ్వడం న్యాయం కాదు అన్నది దాని సారాంశం. అప్పుడు చదువు ఆగి నాగపూర్ పోయిన విద్యార్థుల్లో ఒకరు పి.వి. నరసింహారావు. ఆయనే ప్రధానమంత్రి అయ్యాక 1992 జనవరి 29న ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు మొదలయ్యాయి. అంతకు ముందు 1974లో పాలస్తీనా విమోచన సంస్థని, 1988లో పాలస్తీనా దేశాన్ని గుర్తించింది కూడా మన దేశమే. అట్టా చదువు ఆగి నాగపూర్ పోయిన ఒక తెలుగు విద్యార్థి సంతకం పాలస్తీనా కథలో కూడా ఉంది. ఆ సంతకం తప్పా ఒప్పా అనేది మీరు వాదించుకోండి. మనకి సంబంధం లేదని మాత్రం అనలేం.

తర్వాత జార్జి రెడ్డి. ఉస్మానియాలో ఫిజిక్స్‌లో బంగారు పతకం తెచ్చుకున్న మనిషి. ఆయనా, ఆయన మిత్రులూ వియత్నాం గురించి, అమెరికాలో నల్లవాళ్ళ పోరాటం గురించి మాట్లాడుకునేవాళ్ళు. హాస్టల్ మెస్సులో పనిచేసే పిల్లలకి చదువు చెప్పిందీ వాళ్ళే. అంటే దూరదేశం గురించి మాట్లాడేవాడు దగ్గరి మనిషిని మర్చిపోతాడనేది అబద్ధం. 1972 ఏప్రిల్ 14న ఆయన్ని క్యాంపస్‌లోనే పొడిచి చంపారు. ఇక నిన్న మొన్న, 2025 అక్టోబరులో, హైదరాబాద్ ఇఫ్లూలో పాలస్తీనా సంఘీభావ ప్రదర్శన దగ్గర రెండు విద్యార్థి వర్గాల మధ్య గొడవ జరిగి పోలీసుల దాకా పోయింది.

అమెరికా సంగతి కూడా కొంచెం. న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీలో హామిల్టన్ హాల్ అనే భవనం ఉంది. 1968లో వియత్నాం యుద్ధానికీ, నల్లవాళ్ళ పేట పక్కన పార్కులో యూనివర్సిటీ జిమ్ కట్టడానికీ వ్యతిరేకంగా విద్యార్థులు దాన్ని ఆక్రమించారు. 1985లో దక్షిణాఫ్రికా వర్ణవివక్షతో వ్యాపారం చేసే కంపెనీల్లో యూనివర్సిటీ డబ్బు పెట్టొద్దని దాని తలుపుల ముందు కూర్చున్నారు. ఆ ఏడాదే యూనివర్సిటీ దిగొచ్చింది. 2024 ఏప్రిల్ 17న గాజా కోసం గుడారాలు వేశారు. మర్నాడే వందమందికి పైగా అరెస్టయ్యారు. నెలాఖరున మళ్ళీ అదే హామిల్టన్ హాల్, మళ్ళీ పోలీసులు. అదే సమయంలో కొందరు యూదు విద్యార్థులు క్యాంపస్‌లో తిరగాలంటే భయంగా ఉందన్నారు. ఇంకొందరు యూదు విద్యార్థులు ఆ గుడారాల్లోనే కూర్చున్నారు. 2025లో నిరసనల్లో ఉన్న విదేశీ విద్యార్థుల వీసాలు రద్దు చేశారు. మన తెలుగు పిల్లలు అక్కడ ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. నోరు తెరిస్తే కాయితం పోతుంది. మళ్ళీ కాయితమే.

గాజా మనకెంత దూరమో ఇంకో లెక్కలో చెప్తా. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో దాదాపు 1,200 మంది చనిపోయారు, 250 మంది దాకా బందీలయ్యారు. చనిపోయిన వాళ్ళలో పదిమంది నేపాల్ విద్యార్థులున్నారు. పొలంలో పనిచేస్తూ వ్యవసాయం నేర్చుకుందామని పోయిన పిల్లలు, మనలాంటి వాళ్ళే. తర్వాత ఇజ్రాయెల్ దాడుల్లో గాజాలో చనిపోయిన వాళ్ళ సంఖ్య 50 వేలు దాటిందని 2025 మార్చిలో అక్కడి ఆరోగ్య శాఖ చెప్పింది. అక్కడి యూనివర్సిటీలు కూలిపోయాయి. వెస్ట్ బ్యాంక్‌లో బీర్‌జీత్ యూనివర్సిటీని 1988 నుంచి 1992 దాకా ఇజ్రాయెల్ సైన్యం మూయించింది. అప్పుడు మాస్టార్లు ఇళ్ళల్లో పాఠాలు చెప్పారంట. ఒక సీటు కోసం మా అమ్మ ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగిందో గుర్తొచ్చి, ఆ సంగతి దగ్గర చాలాసేపు కూర్చుండిపోయా.

యుద్ధం మొదలయ్యాక పాలస్తీనా కూలీల పర్మిట్లు ఆపేసి, భవన నిర్మాణానికి మన దేశం నుంచి మనుషుల్ని తీసుకున్నారు. 2024లో హైదరాబాద్‌లో కూడా ఎంపికలు జరిగాయి. నెలకి లక్ష దాటే జీతం. మన పిల్లలు పోతామంటే నేను తప్పు పట్టను, ఆకలికి ఉపన్యాసం చెప్పకూడదు. కానీ ఎవరి పర్మిట్ ఆగిపోయి ఆ పని ఖాళీ అయిందో తెలిసి పోవాలి. మన ఉప్పు మూట దిగిపోయినప్పుడు రైలెక్కిన వాడు మనల్ని చూడలేదు కదా.

మర్నాడు భోజనాల దగ్గర నేను చెప్పింది ఇంతే. ర్యాలీకి వస్తా. కానీ "యూదులంతా" అని మొదలయ్యే నినాదం నేను అనను. "ముస్లింలంతా" అని మొదలయ్యే మాట నా ముందు అననివ్వను. హమాస్ చేసిన దానికి గాజాలో పసిపిల్ల బాధ్యురాలు కాదు. ఇజ్రాయెల్ ప్రభుత్వం చేసే దానికి ఎక్కడో ఉన్న యూదు పిల్లవాడు బాధ్యుడు కాదు. తప్పు చేసిన వాడికి పేరుంటుంది, ఆ పేరుతో అడగండి. జాతి పేరుతో అడిగితే అది 1871 చట్టమే.

సంఘం అన్న ఒకాయన, "నువ్వు మాకు షరతులు పెడతావా?" అన్నాడు. "షరతు కాదన్నా, మా ముత్తాత పేరు ఏ నేరం లేకుండా రిజిస్టర్లో ఎక్కింది, అందుకే అడుగుతున్నా" అన్నా. ఆయన కాసేపు మాట్లాడలా. తర్వాత నినాదాల కాయితం తీసి రెండు లైన్లు కొట్టేశాడు. "యూదులంతా" అన్నవాడు ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. సీనియర్ అన్న ర్యాలీకి రాలా. అయితే ఆ వారమే బాత్రూము నీళ్ళ గురించి అర్జీ రాస్తే, మొదటి సంతకం ఆయనది, రెండోది నాది. రెండు పనులూ చేయొచ్చు.

చివరిగా ఒక్కటి అడుగుతా. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఉంటే సెటిల్మెంట్ గురించి, పాసుల గురించి, రాత్రి హాజరు గురించి వాళ్ళ పెద్దలు ఏం చెప్పారో అడిగి రాసిపెట్టండి. మా అమ్మమ్మని అడిగితే ముందు, "అవన్నీ ఎందుకురా ఇప్పుడు, చదువుకో" అనింది. చదువే అమ్మమ్మా ఇది కూడా, అన్నా. అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది. ఆమె చెప్పింది రాస్తున్నా. ఆగస్టు 31 లోపు మీవి కూడా రాయండి, అన్నీ కలిపి ఇక్కడే పెడదాం.