తేదీయు వేళయు - మన పాత కాగితములు

ఆంధ్రదేశపు ఎల్లలకు ఆవల తరతరములుగా కాపురమున్న మన కుటుంబముల పెట్టెలలో క్రయదస్తావేజులు, జాతకములు, పద్దుపుస్తకములు నేటికిని భద్రముగా నున్నవి. వానిని కంప్యూటరులో నెక్కింపబూనిన పిల్లలకు మొట్టమొదట నెదురగు చిక్కు తేదీయే. ఈ చిక్కు క్రొత్తది కాదు; దానికొక చరిత్ర కలదు.

మొదట సంవత్సరమును గూర్చి చెప్పుకొందము. చెన్నపట్టణపు రాజధానిలో శిస్తు లెక్కలు ఫసలీలో వ్రాసెడివారు. ఆ సంవత్సరము జూలై 1వ తేదీన మొదలగును. ఫసలీకి 590 కలిపినచో అది ఆరంభమైన ఇంగ్లీషు సంవత్సరము వచ్చును. 1334వ ఫసలీ యనగా 1924 జూలై మొదలు 1925 జూన్ వరకు. ప్రభవాది నామములు తెలుగువారికిని తమిళులకును ఒక్కటే. ఆరంభము మాత్రము వేరు. 2024లో మన క్రోధి ఏప్రిల్ 9న ప్రవేశింపగా తమిళులకు 14న ప్రవేశించెను. నడుమ దినములలో వ్రాసిన కాగితమునకు వ్రాసినవాని పంచాంగమే ప్రమాణము. ఒడిస్సా ప్రాంతపు అంక సంవత్సరములు మరియు విచిత్రములు. అందు ఒకటిని, పది తప్ప సున్నతో ముగియు అంకెలను, ఆరుతో ముగియు అంకెలను విడిచి లెక్కింతురు. కావున అంకమును చూచి ఏండ్లు లెక్కించినచో ఏలుబడి యున్నదానికంటె దీర్ఘముగా తోచును.

ఇక వేళ సంగతి. 1792లో చెన్నపట్టణమున వేధశాల వెలసెను. అచ్చటి వేళ గ్రీనిచ్ వేళకు 5 గంటల 21 నిమిషముల 14 సెకండ్లు ముందు. రైళ్లకు చాలకాలము అదియే ప్రమాణము. బొంబాయి వేళ దానికి అరగంట వెనుక. కలకత్తా వేళ సుమారు 32 నిమిషములు ముందు. 1906 జనవరి 1 నుండి దేశమంతటికి 5-30 గంటల వేళ యేర్పడెను. అయినను కలకత్తా 1948 వరకు, బొంబాయి 1955 వరకు తమ వేళలను విడువలేదు. ఈ ప్రమాణమునకు మూలమైన 82½ డిగ్రీల తూర్పురేఖ కాకినాడకు చేరువగా సాగును. అందుచే యానామువారి స్థానిక వేళకును గడియారమునకును భేదము ఇంచుమించు ఒక నిమిషమే. యుద్ధకాలమున, 1942 సెప్టెంబరు 1 మొదలు 1945 అక్టోబరు నడిమి వరకు, గడియారములను గంట ముందునకు జరిపిరి. ఆనాడు గడియారము చూచి వ్రాసిన జన్మవేళనుండి ఒక గంట తీసివేయనిదే జాతకము సరిగా రాదు.

కంప్యూటరులకును ఈ బెడద తప్పలేదు. 03-04-1961 అన్నచో మనకు ఏప్రిల్ 3. అమెరికాలోని మనుమనికి మార్చి 4. అందుకే 1988లో అంతర్జాతీయ ప్రమాణసంస్థ సంవత్సరము, నెల, దినము అను వరుసను నిర్ణయించెను: 1961-04-03. వ్యాపారపు లెక్కలలో సొమ్ము చేతులు మారిన క్షణమును గ్రీనిచ్‌ననుసరించిన ప్రపంచ వేళలో దాచి, చూపునపుడు ఆయా ఊరి వేళకు మార్చుట మేలు. పుట్టినతేదీకి మాత్రము ఆ పద్ధతి పనికిరాదు. మనకు 15వ తేదీ ఆరంభమగు క్షణమున గ్రీనిచ్‌లో 14వ తేదీ సాయంకాలము 6-30 గంటలే. వేళ తగిలించి దాచినచో బిడ్డ ఒకదినము ముందు పుట్టినట్లగును. ఆ ఒక్క దినమే బడిలో చేర్చుటకును, పింఛనుకును అడ్డుపడవచ్చును.

కావున పాత కాగితము నెక్కించువారు మూలములోని మాటను ఉన్నదున్నట్లు ఒక గడిలోను, మార్చిన తేదీని వేరొక గడిలోను వ్రాయుదురు గాక. మార్చినది తప్పైనను మూలము నిలిచియుండును. పరాయి ప్రాంతమున మన పెద్దల ఉనికికి సాక్ష్యము చెప్పునది ఆ మూలమే కదా.