ముప్పై ఏడుగురి సాక్ష్యం

జైసల్మేర్ వెళ్లినవాళ్లకు కుల్ధారా అనే ఊరి కథ వినక తప్పదు. ఆటో అబ్బాయి ఒకసారి చెబుతాడు, కోట గుమ్మం దగ్గర గైడు ఇంకోసారి చెబుతాడు. జైసల్మేర్ దివాన్ సాలిం సింగ్ కన్ను ఆ ఊరిపెద్ద కూతురి మీద పడింది. పిల్లనిస్తారా, పన్నుల కింద నలిగిపోతారా అని గడువు పెట్టాడు. పాలీవాల్ బ్రాహ్మణుల ఎనభై నాలుగు ఊళ్లు ఒక్కమాట మీద నిలబడి, 1825లో ఒక రాత్రి ఇళ్లూ వాకిళ్లూ వదిలేసి వెళ్లిపోయాయి. ఇకమీదట ఇక్కడ ఎవరూ కాపురం చేయలేరని శాపం కూడా పెట్టాయి. ఎటు పోయారో ఎవరికీ అంతుబట్టలేదట.

కథ రక్తి కడుతుంది, కాదనను. కానీ విజయనగరం జిల్లా చీపురుపల్లి చుట్టుపక్కల పుట్టి పెరిగినవాడికి ఆ ‘ఒక్క రాత్రి’ దగ్గర అనుమానం రాకపోతే ఆశ్చర్యం. ఊళ్లు ఖాళీ అవడం మేం కళ్లారా చూసినవాళ్లం.

విశాఖ నుంచి జోధ్‌పూర్ పక్కనున్న భగత్ కీ కోఠీకి వారానికో రైలుంది. విజయనగరంలో ఎక్కాం. భగత్ కీ కోఠీలో దిగాక జైసల్మేర్‌కు మరో రైలు. నాతో వచ్చిన మావయ్య హైదరాబాద్‌లో తాపీ పని చేసి జుట్టు నెరిసినవాడు. 1156లో రావల్ జైసల్ కట్టించిన పసుపు రాతి కోట ఆయనకు నచ్చింది. ఇప్పటికీ లోపల జనం బట్టలారేసుకుంటూ, కొట్లు పెట్టుకుంటూ బతుకుతున్న కోట అది. జైన గుళ్ల చెక్కడాలూ పట్వాల హవేలీ కిటికీల జాలీలూ చూసి, ఇది రాయో కొయ్యో తేలక ఒకటి రెండు చోట్ల వేలితో గీరి చూశాడు. సాలిం సింగ్ హవేలీ దగ్గర మాత్రం మెడ నొప్పెట్టేదాకా తల పైకెత్తే ఉన్నాడు. కిందంతా సన్నం, పై అంతస్తు రెక్కలు చాపినంత వెడల్పు, దాన్ని మోస్తూ నెమలి ఆకారపు చెక్కడాలు. 1815 ప్రాంతంలో కట్టింది. ఆ సంవత్సరంతో మళ్లీ పనుంది.

కుల్ధారా అక్కడికి 18 కిలోమీటర్లు. తిన్నని వీధులు, వరసగా రాతి గోడలు, దాదాపు ఏ ఇంటికీ సరైన కప్పు లేదు. మావయ్య ఒక గదిలోకి వంగి చూశాడు. కప్పు రాళ్లు లోపలికే కూలి ఉన్నాయి. గుమ్మం మీది రాయి మధ్యకు విరిగింది.

“ఇది నాని పడిపోయిన గోడ కాదురా. ఎవులో పట్టుకుని కుదిపేసినట్టుంది.”

ఆయనకు తెలియకుండానే ఆ మాట భూవిజ్ఞానుల నోటి మాట. ఇలాగే కూలిన కప్పులూ దూలాలూ స్తంభాలూ చూసి, ఊరు భూకంపానికి దెబ్బతిన్నదని ఎ.బి.రాయ్ బృందం 2017లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో రాసింది. సరే, భూకంపం ఇళ్లను కూల్చగలదు. కూలిన ఇంటిని తిరిగి కట్టుకోకుండా ఎందుకు పోయారన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. పైగా వీళ్లు ఆ నేలకు నిన్నమొన్న వచ్చినవాళ్లు కారు. శ్మశానంలోని స్మారక శిలల మీద 1235, 1238 నాటి తేదీలున్నాయి. పాలీ పట్టణం నుంచి వచ్చి ఆరు వందల ఏళ్లు నిలదొక్కుకున్నారు.

ఏడాదికి ఇరవై సెంటీమీటర్లు అటూఇటూగా పడే వాన మీద ఎలా నిలిచారంటే, జవాబు ఖడీన్. రాతి వాలు మీద పడ్డ వాన చినుకంతా పల్లపు పొలంలోకి జారుతుంది. దిగువన పొడవాటి మట్టి గట్టు దాన్ని ఆపుతుంది. వానాకాలమంతా పొలమే చెరువు. నీరు ఇంకాక ఆ తడి మీదే గోధుమ, శనగ చల్లుతారు. ఇంకో చినుకు పడకపోయినా పంట చేతికొస్తుంది. ఇంత తెలిసినవాళ్లను కదిలించాలంటే మామూలు కష్టం చాలదు.

ఇప్పుడు అంకెలు. శిథిలాల్లో లెక్కకొచ్చే కట్టడాలు 410. వాటిని బట్టి, 17, 18 శతాబ్దాల్లో ఊరి జనాభా 1,588 దాకా ఉండొచ్చని పరిశోధకుడు ఎస్.ఎ.ఎన్. రెజావీ అంచనా కట్టారు. రాజస్థాన్ చరిత్ర రాసిన జేమ్స్ టాడ్ 1815లో స్థానికులను అడిగి తెలుసుకున్న లెక్క 200 ఇళ్లు, 800 మంది. అంటే ‘ఆ రాత్రి’కి పదేళ్ల ముందే సగం ఊరు లేదు! అదే 1815 నాటికి ఊళ్లో బావులు చాలామటుకు ఎండిపోయాయి. 1850 వచ్చేసరికి మెట్లబావి, మరో రెండు లోతు బావులు మాత్రమే పనిచేస్తున్నాయి.

అసలు సాక్షులు ఇంకా తర్వాత ఉన్నారు. 1890లో కుల్ధారాలో 37 మంది కాపురం ఉన్నారు. 1825లో పసిపిల్లతో సహా అందరూ వెళ్లిపోయి ఉంటే, శాపం పనిచేసి ఉంటే, అరవై అయిదేళ్ల తర్వాత ఈ ముప్పై ఏడుగురు ఎవరు?

మెట్లబావి గట్టు మీద కూర్చుని మావయ్యకు ఈ లెక్కంతా చెప్పాను. ఆయనకు ఇందులో చిక్కుముడే కనబడలేదు.

“ఊరు ఒకపాలి ఖాళీ అవదురా. ముందల కుర్రోలు ఎల్తారు. పెల్లయ్యాక పెల్లాన్ని తీసుకెల్తారు. ముసిలోలు మిగుల్తారు. ఆలు పోనాక తాళమే.”

మా జిల్లాలో వాన వంద సెంటీమీటర్లు దాటుతుంది. అయినా చీపురుపల్లి స్టేషన్లో మూటలతో రైలెక్కేవాళ్లు తగ్గలేదు. కనకమహాలక్ష్మి జాతరకు వీధి నిండా మనుషులు, జాతరయ్యాక మళ్లీ తాళాలు. వందేళ్ల తర్వాత ఎవరైనా మా ఊళ్ల గురించీ ఒక రాత్రి కథ అల్లితే ఆశ్చర్యపోను.

అలాగని సాలిం సింగ్‌ను విడిచిపెట్టే ఉద్దేశం నాకు లేదు. ఆయన వసూళ్లు భరించలేక పాలీవాల్‌లు దేశం విడిచిపోతున్నారని టాడే రాశాడు. నీళ్లున్నన్నాళ్లు పన్ను పీడనైనా ఓర్చుకోవచ్చు, పన్ను సవ్యంగా ఉంటే నీటి ఎద్దడినైనా ఈదవచ్చు. బావులు ఎండుతున్న ఆ ఏళ్లలోనే దివాన్ గారి నెమళ్ల మేడ లేచింది. రెండూ కలిసినచోట ఇల్లు తర్వాత ఇల్లు కదిలింది. భూకంపం వచ్చి ఉంటే మిగిలినవాళ్లను తొందరపెట్టి ఉంటుంది.

ఇక ‘ఎటు పోయారో తెలియదు’ అన్న మాట. పాలీవాల్‌లు రాజస్థాన్‌లోనూ బయటా నేటికీ ఉన్నారు, మాయమైనవాళ్లు ఎవరూ లేరు. తాతముత్తాతలు నీళ్లు లేక, అప్పుతీరక ఒక్కొక్కరే జారుకున్నారని చెప్పుకోవడం కన్నా, ఆడపిల్ల పరువు కోసం అందరూ ఒక్కసారే లేచి నడిచారని చెప్పుకోవడం ఏ కులానికైనా గౌరవమే. గైడుకూ అదే లాభం. ముప్పై ఏడుగురి సంగతి బయటపెడితే దయ్యాల టూరుకు టికెట్టు తెగదు.