ఆరో సిలిండరు మీద బిరడా

ఆ తుమ్మ మొద్దు కొంచెం లోపలికి తొయ్యండి నాయనా, మంట తగ్గుతోంది. ఫార్గో లారీ సంగతి అడిగారు గదా, చెప్తా.

1954లో జంషెడ్‌పూర్‌లో టాటా వాళ్లు బెంజి డీజిల్ లారీలు మొదలుపెట్టాక పెట్రోలు బండ్లకు మెల్లగా రోజులు దగ్గరపడ్డాయి. అయినా మా నంద్యాల షెడ్డుకు బొంబాయి ప్రీమియర్ వాళ్ల డాడ్జీలు, ఫార్గోలు వస్తూనే ఉండేవి. ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను. డీజిల్‌కు స్పార్కు ప్లగ్గులుండవు, పాయింట్లుండవు. వీటికి సగం రోగాలు అక్కడే.

ఒక ఫార్గో గిద్దలూరు ఘాటెక్కలేక మా దగ్గరికొచ్చింది. చదునులో బాగానే పోతుంది, లోడుతో ఎత్తెక్కితే కుదుపులు, సైలెన్సర్లో టపటపా పేలుడు. ఓనరు అప్పటికే కార్బురేటరు విప్పించాడు. దారిలో చూసిన ప్రతివాడూ డిస్ట్రిబ్యూటర్‌ని ఇటు కాస్త, అటు కాస్త తిప్పి వదిలాడు.

మా మేస్త్రి దాన్ని ముట్టుకోలేదు. ఇంజను ఆన్ చేయించి, కర్రపిడి స్క్రూడ్రైవరుతో ఒక్కో ప్లగ్గు కరెంటునీ హెడ్డుకు తగిలించాడు. ఆరింటిలో దేన్ని ఆపినా చప్పుడు కుంటుపడింది. అంటే చచ్చిన సిలిండరు లేదు, రోగం లోడు మీదే వస్తోంది. పొద్దు గూకాక లాంతరు ఆర్పించి, బానెట్ ఎత్తి, యాక్సిలరేటరు ఒక్కసారిగా తొక్కమన్నాడు. తొక్కినప్పుడల్లా ఒక పాత వైరు మీంచి ఇనుము మీదికి సన్నటి నీలం గీతలు దూకాయి! పగలు ఎంత వెతికినా అవి కనపడవు. ఎత్తులో సిలిండరు లోపల ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు ప్లగ్గు దగ్గర నిప్పు దూకడం కష్టమై, సులువైన దారి చూసుకుంటుంది. కాలని పెట్రోలు సైలెన్సర్లోకి పోయి పేలుతుంది.

డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే ఒక పాయింటు మీద గుంట, రెండోదాని మీద బొడిపె. కండెన్సరు పని కూడా అయిపోయింది. వైర్లు, పాయింట్లు, కండెన్సరు మార్చి, ఫీలర్ గేజితో గ్యాపు 20 థౌ, అంటే అంగుళంలో వెయ్యింట ఇరవై వంతులు, పెట్టాడు. అప్పుడుగానీ టైమింగు జోలికి పోలేదు. గ్యాపు పెరిగితే పాయింట్లు ముందే విడతాయి, టైమింగు ముందుకు జరుగుతుంది. తగ్గితే వెనకపడుతుంది. గ్యాపు చూడకుండా టైమింగు పెట్టడమంటే పునాది లేకుండా గోడ లేపడమే.

ఆ ఇంజన్లో నాకు మహా ఇష్టమైనదొకటుంది. హెడ్డు మీద, ఆరో సిలిండరు పైన, చిన్న బిరడా. అది విప్పి సన్నటి చువ్వ లోపలికి దించి, హ్యాండిలు మెల్లగా తిప్పితే పిస్టను ఆ చువ్వను పైకి నెడుతుంది. చువ్వ ఇక లేవడం ఆగిందంటే పిస్టను పైకొచ్చినట్టే. దాని జోడీ ఒకటో నంబరూ అప్పుడు పైనే ఉంటుంది. కాలే వంతు రెండిట్లో ఎవరిదో రోటరు చెబుతుంది. ఒకటి, అయిదు, మూడు, ఆరు, రెండు, నాలుగు: ఆ వరస నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లం. ఇక పాయింట్ల మధ్య సిగరెట్ కాగితం పెట్టి, డిస్ట్రిబ్యూటర్‌ని కొద్దికొద్దిగా తిప్పుతూ కాగితాన్ని మెత్తగా లాగాలి. అది జారి చేతికొచ్చిందా, పాయింట్లు విడినట్టు. అక్కడ బిగించాలి. వేళ్లకు ఆ జారుడు తెలియాలి నాయనా, కంటితో చూసేది కాదు.

తెల్లారి లోడుతోనే ఘాటెక్కించాం. టైమింగు వెనకపడితే పికప్ ఉండదు, ఇంజను కాగిపోతుంది. ముందుకెక్కువైతే ఎత్తులో టింగుటింగుమని కొడుతుంది. రెండో మలుపులో కొంచెం కొట్టింది. మేస్త్రి బండి ఆపించి, చక్రాలకు రాళ్లు వేయించి, వెంట్రుకవాసి వెనక్కి తిప్పాడు. మళ్లీ ఎక్కాం. ఆ చప్పుడు లేదు, కుదుపూ లేదు. డ్రైవరు మమ్మల్నడక్కుండానే పై గేరు వేశాడు.