కనపడని నేలకు నమూనా

నేల పైభాగమునకు పటము వ్రాయుట శ్రమతో కూడిన పనియే గాని, అందులో రహస్యమేమియు లేదు. పూర్వము మన గ్రామములలో గొలుసు లాగి కొలిచిన లెక్కపై సందేహము కలిగినయెడల, కరణముగారును మునసబుగారును గట్టుమీదికి పోయి, హద్దురాయి చూచి తగవు తీర్చెడివారు. నేల లోపలి సంగతి యట్లు కాదు. బొగ్గుపొర యెంత లోతున నున్నదో, ఎటు వాలుచున్నదో, నడుమ తెగినదో లేదో, దాని ప్రక్కన విడిచిపెట్టిన ప్రాతగనిలో నీరు నిండియున్నదో, ఇవన్నియు కొలదిపాటి గుర్తులను బట్టి ఊహింపవలసినవే. ఆ యూహ తప్పినచో మొదట నష్టపడువాడు పటము వ్రాసినవాడు కాడు; దానిని నమ్మి లోపలికి దిగినవాడు.

ఈ యూహకు ఆకారము కల్పించుటకు మనుష్యులు మూడువందల యేండ్లకు పైగా చేసిన ప్రయత్నమును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. నేడు ఈ పనిని కంప్యూటరుపై సాఫ్టువేరు సాయముతో చేయుచున్నారు. పొడవు, వెడల్పు, లోతు మూడును గల నమూనా తెరపై నిలిచి, త్రిప్పినవైపునకెల్ల తిరుగును. రేడియోలో బొమ్మ చూపుటకు వీలులేదు గదా! కనుక పెద్దలు తమ మనస్సులోనే ఒక మోటబావిని త్రవ్వుకొనవలెనని వేడుచున్నాను.

బావి త్రవ్వునపుడు గోడలను చూచినవారికి ఈ సంగతి తెలియును. పైన నల్లరేగడి, దాని క్రింద సుద్ద, ఆ క్రింద మొరము, పిమ్మట గునపము దిగని రాయి. ఫర్లాంగు దూరమున మరియొక బావి త్రవ్వితిమి. అవే పొరలు అదే వరుసలో వచ్చినవి. కాని ఇచ్చట సుద్ద రెండు మూరలు అధికమైన లోతున తగిలినది. అప్పుడు మనమేమందుము? సుద్దపొర ఇటువైపునకు వాలియున్నదందుము. రెండు బావుల నడుమ ఎవ్వరును త్రవ్వి చూడలేదు. ఐనను అందుము. భూగర్భపు నమూనా యనునదంతయు ఈ యొక్క మాటనుండి మొలచినదే.

ఈ మాటకు శాస్త్రపు కట్టుబాటు కల్పించినవాడు డెన్మార్కు దేశస్థుడైన నికొలాస్ స్టీనో. అతడు ఇటలీలోని టస్కనీ సీమయందు కొండలను పరిశీలించి, 1669లో ఒక చిన్న గ్రంథమును ప్రకటించెను. క్రిందిపొర ముందు పుట్టినది, పైపొర తరువాత పుట్టినది; పొరలు మొదట చదునుగా పరచుకొని, పిమ్మట వంగుటయో విరుగుటయో జరిగినదని అతని సిద్ధాంతము. 1719లో జాన్ స్ట్రేచీ అను ఆంగ్లేయుడు సోమర్సెట్టు సీమలోని బొగ్గుపొరలను నిలువుకోతగా, అనగా భూమిని కత్తితో కోసి ప్రక్కనుండి చూచినట్లుగా, బొమ్మ గీసి అచ్చొత్తించెను. బొమ్మ చక్కనిదే. కాని కోతకు ఇటు నటు నేమున్నదో దానివలన తెలియదు.

ఆ సోమర్సెట్టు గనులలోనికే తరువాత విలియం స్మిత్ దిగెను. ఇతడు కమ్మరివాని కుమారుడు, 1769లో జన్మించెను. పెద్ద చదువులు చదువలేదు. భూములు కొలుచు వృత్తి నేర్చెను. గనిలోని పొరల వరుసను కన్నులార చూచి, పిమ్మట అచ్చటి బొగ్గు రవాణాకై త్రవ్వుచున్న కాలువకు కొలతలు వేయుచు, భూమి మైళ్లకొలది పొడవున తెరచుకొనగా పొరలన్నియు తూర్పునకు వాలుట గుర్తించెను. ఒక్కొక్క పొరలో ఒక్కొక్క జాతి శిలాజములు, అనగా రాయిగా మారిన ప్రాణుల అవశేషములు, ఉండుట కనిపెట్టెను. రెండు పొరలు రంగులో ఒక్కతీరుగ నున్నను, అందలి శిలాజములను చూచి ఏది యేదో చెప్పగలిగెడివాడు. అట్లు దేశమంతయు తిరిగి, 1815లో ఇంగ్లండు, వేల్సు దేశములకును స్కాట్లండులో కొంతభాగమునకును ఒక మహాపటమును ప్రకటించెను. దాని నిలువు ఎనిమిది అడుగులకు పైబడినది.

ఆ పటములో నాకు మిక్కిలి నచ్చినది రంగు వేసిన తీరు. ప్రతిపొరకును దాని అడుగు అంచున ముదురురంగు వేసి, పైకి పోవుకొలది పలుచన చేసెను. చూచువానికి ఒక పొర క్రిందనుండి మరియొక పొర తొంగిచూచినట్లుండును. బల్లపరుపు కాగితముపై లోతును చూపవలెనని అతడు పడిన తపన యది. ఇంత చేసిన మనుష్యుడు 1819లో అప్పుల కారణమున చెరసాల పాలయ్యెను. 1831లో గాని లండనులోని భూగర్భశాస్త్ర సంఘమువారు అతనికి పతకమిచ్చి గౌరవింపలేదు.

ఆ 1815వ సంవత్సరముననే, మే నెల 3వ తేదిని, న్యూకాసిలు సమీపమున హీటను అను గనిలో ఘోరము జరిగెను. ప్రక్కనున్న ప్రాతగని పాడుపడి నీటితో నిండియుండెను. అది యెంతవరకు వచ్చియున్నదో నిశ్చయముగ చెప్పగల పటము లేకపోయెను. నడిమి గోడ తెగి నీరు ఒక్కుమ్మడిగ పైబడగా పురుషులును బాలురును కలిసి 75 మంది మడిసిరి. ఆ నీటిని తోడి వారి దేహములను చేరుటకు నెలలు పట్టినది. ఆ గనికి పర్యవేక్షకుడైన జాన్ బడిల్ అటుపిమ్మట, గనుల పటములన్నియు ఒక్కచోట భద్రపరుపవలెనని పట్టుబట్టెను. గనికి సరియైన పటముండి తీరవలెనని చట్టము వచ్చుటకు 1850 వరకును, మూసిన గనుల పటములను ప్రభుత్వమునకు అప్పగింపవలెనని చట్టము వచ్చుటకు 1872 వరకును ఆగవలసివచ్చినది. 75 మంది చనిపోయిన తరువాత 57 సంవత్సరములు!

అదే న్యూకాసిలులో 1803లో తామస్ సాప్విత్ జన్మించెను. వారిది కొయ్యసామాను చేయు కుటుంబము; అతడు గనుల కొలతలవాడయ్యెను. ఈ రెండు విద్యలును అతనియందు కలిసినవి. ఫారెస్టు ఆఫ్ డీను అను అటవీప్రాంతమున గనుల హద్దులను గూర్చి తగవులు మెండుగా నుండెడివి. కాగితముపై చూపిన పటము తగవులాడువారికి అర్థము కాదని యెంచి, అతడు ఆ ప్రాంతమునకంతకు కొయ్యతో నమూనా చేసెను. పైపలక నేలపైభాగము; దానిని ఎత్తివేసిన క్రింద ఒక పొర; దానిని ఎత్తినచో మరియొక పొర. పిమ్మట 1841లో చదువుకొనువారి కొరకు అరచేతిలో నిముడు చిన్న నమూనాలను వరుసగా చేయించి, వానితో ఒక వివరణ గ్రంథమును ప్రకటించెను. లోయ కోసినపుడు వాలుపొర పైకి ఏ వంకరతో కనిపించును, భ్రంశము, అనగా పొరలు తెగి ఒకప్రక్క జారిన చోటు, ఎట్లుండును, అన్నియు వానిలో చేతితో తడిమి తెలిసికొనవచ్చును. మన కొండపల్లి పనివారు చూచియుండినచో మెచ్చుకొనెడివారే. నేటి కంప్యూటరు నమూనాకు తాతగారెవరని అడిగినచో నేను ఈ కొయ్యపెట్టెనే చూపుదును.

మన సీమలో ఈ పని కాలినడకన ఆరంభమైనది. భారత భూగర్భ పరిశోధనశాఖకు చెందిన విలియం కింగ్ అప్పటి నైజాము రాజ్యమున ఇల్లందు దగ్గర 1871 ప్రాంతమున బొగ్గును గుర్తించెను. 1889లో త్రవ్వకము మొదలైనది. ప్రాణహిత, గోదావరి లోయ వెంబడి వాయవ్యమునుండి ఆగ్నేయమునకు పట్టీవలె సాగిన ఆ శిలలను గూర్చి 1881లో అతడు ప్రకటించిన గ్రంథము సుత్తియు, దిక్సూచియు, కాళ్లును చేసిన పని. సింగరేణి బొగ్గు మనకు దక్కుటకు ఆ నడకయే మొదలు.

ఇరువదవ శతాబ్దమున బోరులు విరివియైనవి. అప్పుడు కొత్త చిక్కు పుట్టెను. బోరు చెప్పినది బోరున్నచోటనే సత్యము. రెండు బోరుల నడుమ ఎంతని వేయుట? దక్షిణాఫ్రికా బంగారు గనులలో పనిచేసిన డానీ క్రీగ్ అను ఇంజనీరు ఒక విచిత్రము చూచెను. మచ్చుతునకలను బట్టి మిక్కిలి సంపన్నమని లెక్కవేసిన భాగములు త్రవ్వగా అంత బంగారము నీయవు. పేదవని తీసివేసినవి అనుకొన్నదానికంటె మెరుగుగ నుండును. 1951లో అతడు దీనికి సంఖ్యాశాస్త్రముతో దిద్దుబాటు చూపెను. ఫ్రెంచి గణితవేత్త జార్జి మాథరాన్ 1960 తరువాత దానిని పూర్తి శాస్త్రముగ నిర్మించి, క్రీగ్ పేరనే ‘క్రీగింగు’ అని వ్యవహరించెను. దాని తత్త్వము మన పంచాయతీకి తెలియనిది కాదు. దగ్గరి సాక్షి మాటకు ఎక్కువ బరువు, దూరపు సాక్షికి తక్కువ. ఒకే యింటి అన్నదమ్ములిద్దరు ఒకే మాట చెప్పినచో దానిని రెండు సాక్ష్యములుగ లెక్కింపరాదు. అట్లే ప్రక్కప్రక్కనున్న రెండు బోరులును. పైగా ఈ పద్ధతి తన జవాబు ఎచ్చట ఎంత నమ్మదగినదో కూడ అంకెతో చెప్పును. ఆ గుణమే నాకు గొప్పగ తోచును.

కంప్యూటర్లు వచ్చిన తరువాత 1989లో ఫ్రాన్సులోని నాన్సీ నగరమున మాలే అను ఆచార్యుడు ‘గోకాడ్’ అను సాఫ్టువేరును ఆరంభించెను. కార్ల రెక్కలను, యంత్రభాగములను గీయు పద్ధతులు నేలకు చాలవని, వంకరటింకర శిలలకు వేరు గణితము కావలెనని అతని తలంపు. మొదట ఈ పని నిలువుకోతలను ఒక్కొక్కటిగ గీసి, బట్టకు కుట్టు వేసినట్లు వానిని కలుపుటగా సాగెను. కొత్త బోరు ఒక్కటి వేసినచో కుట్లన్నియు విప్పి మరల కుట్టవలెను. 2000 ప్రాంతమునుండి మరియొక త్రోవ బలపడినది. నేలలోని ప్రతి బిందువునకును యంత్రము ఒక అంకె నిచ్చును. పొర అంచునకు పైనున్నది అధికము, క్రిందనున్నది తక్కువ, అంచు సున్న. సున్న గల బిందువులన్నియు కలిసిన తలమే పొర అంచు. చెరువు నిండినపుడు నీటి అంచు దానియంతట అదియే గీతయై నిలుచునట్లు, ఆ తలమును ఎవ్వరును గీయనక్కరలేదు. కొత్త బోరు వచ్చినచో దాని లెక్కను చేర్చి మరల అడిగిన చాలును. న్యూజీలాండువారి ‘లీప్‌ఫ్రాగ్’ అను సాఫ్టువేరు ఈ త్రోవలో ప్రసిద్ధి పొందినది. ‘జెమ్‌పై’ అను దానిని వెల లేకయే ఎవరైనను వాడుకొనవచ్చును.

ఈ సౌకర్యములోనే అపాయమును గలదు. ఒక బోరులో బొగ్గు 40 మీటర్ల లోతున తగిలినది. అర కిలోమీటరు దూరమున మరియొకదానిలో 60 మీటర్లకు తగిలినది. పొర మెల్లగ వాలియుండవచ్చును. లేక చదునుగ వచ్చి, నడుమ భ్రంశముచే తెగి, 20 మీటర్లు ఒక్కసారి జారియుండవచ్చును. రెండు బోరులును రెండు కథలకును సమ్మతించును. ఏమియు చెప్పనియెడల యంత్రము నున్నని వాలునే గీయును. నునుపు దాని స్వభావము. కాని పనివాడు ఆ తెగినచోటికి సొరంగము తెచ్చినపుడు ఎదుట బొగ్గునకు బదులు రాయి యుండును. తెగిన సందులో నీరును ఉండవచ్చును. తెరపై రంగులు మిలమిల మెరయుచుండగా, ఏది బోరు చెప్పినది, ఏది యంత్రము పూరించినది అను భేదము చూచువానికి తోచదు. మనుష్యులును ఇందుకు అతీతులు కారు. బ్రిటనులో కొందరు పరిశోధకులు తమకు జవాబు తెలిసిన ఒక భూగర్భపు కోతను కల్పించి, నిపుణుల కిచ్చి అర్థము చెప్పుమనిరి. 2007లో వారు ప్రకటించిన ఫలితము ప్రకారము 412 వ్యాఖ్యానములలో సరియైన కథ చెప్పినవి నూటికి 21 మాత్రమే. తక్కినవారిలో చాలమంది తమకు బాగుగ తెలిసిన రకపు శిలలనే అందులో చూచిరి.

నీటి కథ హీటనుతో ముగియలేదు. 1975 డిసెంబరు 27వ తేదిని ధనబాదు ప్రాంతపు చాస్‌నాలా గనిలోనికి నీరు చొచ్చి 375 మంది చనిపోయిరి. 2003 జూనులో మన గోదావరిఖనిలో ఒక గనిలోనికి నీరు వచ్చి 17 మంది అసువులు బాసిరి. వారి ఊళ్లవారు ఈ ప్రసంగమును వినుచుండవచ్చును. వారియెదుట నేను అంకెలు మాత్రము చెప్పి ఊరకుందును.

అంతకు ముందటి యేడు, 2002 జూలై 24వ తేదిని, అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమున క్వీక్రీకు అను గనిలో తొమ్మిదిమంది పనివారు బొగ్గు త్రవ్వుచు ప్రక్కనున్న ప్రాతగనిలోనికి రంధ్రము చేసిరి. విచిత్రమేమన, ఆ జిల్లా పేరును సోమర్సెట్టే. వారి చేతనున్న పటము ప్రకారము ప్రాతగని ఇంకను చాల దూరమున నుండెను. నీరు పొంగివచ్చి దారి మూసివేసినది. పైనున్నవారు ఉపగ్రహముల సాయమున స్థలము కొలిచి, వారు చేరియుండగల ఎత్తైన చోటును లెక్కించి, సుమారు 240 అడుగుల లోతునకు ఆరంగుళముల బోరు వేసిరి. అది సరిగ వారున్న చోటికే దిగెను. దానిగుండ వేడిగాలి నదిమి నీటిని నిలిపి, పిమ్మట వెడల్పైన బోరు వేసి, 77 గంటల తరువాత తొమ్మిదిమందిని ఒక్కొక్కరినే ఇనుపబుట్టలో పైకి తీసిరి. తొమ్మిదిమందియు బ్రదికిరి.

ఆ నేలను అంత సరిగ కొలువగలిగిన కాలమున పటమెట్లు తప్పినదని విచారించిరి. వారివద్ద నున్నది పూర్వపు నకలు. అది వ్రాసిన తరువాత ప్రాతగనిలో ఇంకను త్రవ్వియుండిరి. గని మూసిన నాటి చివరి పటము తరువాత దొరికినది. సమీపపు ఊరిలోని ఒక గనుల ప్రదర్శనశాలలో, ఎవ్వరి కంటను పడక, చుట్టచుట్టి యుండెను.